ఒడిలోని బడి

హిందూపురానికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి గ్రామం ఉన్నది. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుగొండలో అధికారం నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు అక్కడి వీరభద్రాలయాన్ని కట్టించారు. ఆ ఆలయంలో నాటి చిత్రకారులు వేసిన వర్ణచిత్రాలను చూడటానికి దూరదేశాల నుంచి కూడా జనం వస్తుంటారు. వాటిలో వటపత్రశాయి చిత్రమొకటి. ప్రళయజలాల మీద మర్రి ఆకుపై పవళించిన పసికృష్ణుడు తన కాలి బొటనవ్రేలిని నోట పెట్టుకొని ఉంటాడు. భక్తులకది భగవల్లీల. కాని బిడ్డలను పెంచిన ఏ తల్లిని అడిగినా, ఆరవ నెలలో తన బిడ్డ కూడా సరిగ్గా ఆ పనే చేసేదని చెబుతుంది. ఈ భంగిమను మొట్టమొదట ఊహించినవాడెవరో గాని, పసిబిడ్డను దగ్గరగా కూర్చుండి చూసినవాడే అయి ఉండాలి.

బిడ్డ ఆ పని ఎందుకు చేస్తుంది? ఐదారు నెలలకు నడుము వంగుతుంది, చేతికి పాదం అందుతుంది. చేతికందిన దానినెల్లా నోట పెట్టుకొని పరీక్షించటం ఆ వయసు అలవాటు. గిలకను నోట పెట్టుకొంటే స్పర్శ నాలుకకు మాత్రమే తెలుస్తుంది. కాలివ్రేలిని పెట్టుకొంటే నాలుకకూ తెలుస్తుంది, వ్రేలికీ తెలుస్తుంది. ఈ రెండింటి భేదాన్ని పదే పదే పరీక్షించటం వల్ల ఏది తన శరీరమో, ఏది కాదో బిడ్డకు క్రమంగా బోధపడుతుంది. మనకు ఆటగా కనిపించేది బిడ్డకు ప్రయోగం.

ఇటువంటి సంగతులు మన ఇళ్లలో పెద్దవారికి ఎప్పటినుంచో తెలుసు. శాస్త్రజ్ఞులు మాత్రం చాలా ఆలస్యంగా ఉయ్యాల దగ్గరకు వచ్చారు. వచ్చిన తరువాత ఏమి కనుగొన్నారు, దానివల్ల మన కరువుసీమ బిడ్డలకు ఏమి ఒరిగింది అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఆయుర్వేద గ్రంథాలలో బిడ్డ ఆటవస్తువుల ప్రస్తావన ఉన్నది. సుమారు రెండువేల ఏళ్ల నాటిదని చెప్పే చరకసంహితలో, శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, బొమ్మలు ఎట్లా ఉండాలో చెప్పారు. అవి రంగురంగులుగా ఉండాలి, చప్పుడు చేయాలి, చూడముచ్చటగా ఉండాలి. బరువుగా ఉండరాదు, మొనలు వాడిగా ఉండరాదు, నోట్లో దూరేటంత చిన్నవి కారాదు, ప్రాణానికి హాని చేసేవీ, భయపెట్టేవీ కారాదు. ఈనాటి బొమ్మల కర్మాగారాలకు ప్రభుత్వాలు పెట్టే నిబంధనలను దీని ప్రక్కన ఉంచి చూస్తే, సీసం కలిసిన రంగుల సంగతి తప్ప ముఖ్యమైనదేదీ విడిచిపెట్టలేదని తోస్తుంది. ఆ వెంటనే మరొక మాట కూడా ఉన్నది. బిడ్డ ఏడ్చినా, అన్నం తిననన్నా రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు చెప్పి బెదిరించరాదట! బూచివాణ్ణి పిలిచి అన్నం తినిపించే అలవాటు మనలో ఇంకా పోలేదు కనుక ఈ వాక్యం ఒకసారి చదువుకొనదగినది.

తెలుగు ఇళ్లలో వ్రాతకెక్కని పంచాంగం మరొకటి ఉన్నది. బిడ్డ నవ్వు నేర్చితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు చేసి ఇరుగుపొరుగులకు పంచుతారు. ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి వంటకాలు మారుతాయి. హిందూపురం వైపు బొబ్బట్టును ఓళిగ అంటారు, కనుక అక్కడ అక్షరాల పొత్తు కుదరదు! అయినా ఈ ఆచారంలోని తెలివి గమనింపదగినది. బిడ్డ ఎదుగుదలలో ఏ మెట్టు తరువాత ఏ మెట్టు వస్తుందో ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. ఒక మెట్టు ఆలస్యమైతే, “ఇంకా బొబ్బట్లు పెట్టలేదేమమ్మా?” అని పొరుగింటి అవ్వ తప్పక అడుగుతుంది.

శాస్త్రజ్ఞులు ఈ పంచాంగాన్నే కొలతలతో తయారు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారతదేశం, నార్వే, ఒమాన్, అమెరికా దేశాలలో 816 మంది ఆరోగ్యవంతులైన బిడ్డలను నెలనెలా పరీక్షింపజేసి, 2006లో ఫలితాలను ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవటం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపున, ఒంటరిగా నడవటం 8.2 నెలల నుంచి 17.6 నెలల లోపున ఎప్పుడైనా రావచ్చునని తేలింది. అంటే ఎదురింటి బిడ్డ పదవ నెలలో నడిచి, మన బిడ్డ పదిహేనవ నెలలో నడిస్తే దిగులు పడవలసినది ఏమీ లేదన్నమాట. నూటికి నలుగురు బిడ్డలు మోకాళ్ల మీద దోగాడకుండానే నిలబడటం నేర్చారు. ఆ ఇళ్లలో పాయసం ఎగిరిపోయి ఉంటుంది!

డార్విన్ ఇంట్లో దోబూచులాట

ఐరోపాలో కన్నబిడ్డను శాస్త్రదృష్టితో చూసి దినచర్య వ్రాసినవారిలో మొదటివాడుగా జర్మన్ తత్త్వవేత్త డీట్రిచ్ టీడెమాన్‌ను చెప్పుకొంటారు. 1781లో పుట్టిన కుమారుని గూర్చి ఆయన వ్రాసుకొన్న విశేషాలు 1787లో అచ్చయినవి. ఆ కుమారుడు పెరిగి పెద్దవాడై శరీరనిర్మాణ శాస్త్రంలో ప్రఖ్యాతుడైనాడు. టీడెమాన్ వ్రాతను మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

తరువాతివాడు జగత్ప్రసిద్ధుడు. పరిణామవాదాన్ని ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్‌కు 1839 డిసెంబరు 27న మొదటి కుమారుడు విలియం పుట్టాడు. డార్విన్ ఆనాటినుంచే ఒక పుస్తకంలో బిడ్డ చేష్టలను తేదీలతో సహా వ్రాసుకొన్నాడు. ఆ పుస్తకం ముప్పై ఏడేళ్లపాటు అట్లాగే పడి ఉన్నది. ఫ్రెంచి పండితుడు తేన్ తన కుమార్తె మాటలు నేర్చిన విధాన్ని గూర్చి వ్రాసిన వ్యాసం చూసి, డార్విన్ తన పాత పుస్తకాన్ని వెలికితీసి 1877లో ‘మైండ్’ అనే పత్రికలో ప్రకటించాడు. అందులో ఒక చిన్న సంగతి ఉన్నది. బిడ్డకు 110 రోజులప్పుడు ముఖం మీద ఒక గుడ్డ కప్పి చటుక్కున లాగివేస్తే చాలా సంతోషించాడట. తండ్రి తన ముఖాన్నే కప్పుకొని హఠాత్తుగా తీసి దగ్గరకు వచ్చినా అంతే. నవ్వుకు నాంది వంటి ఒక చిన్న ధ్వని అప్పుడు బిడ్డ నోట వచ్చిందట.

మనం దోబూచి అనే ఆట ఇదే. పెనుగొండ వీధిలో పైటకొంగు చాటున ముఖం దాచుకొనే అవ్వా, ఇంగ్లండులో పరిణామవాదాన్ని గూర్చి ఆలోచించే శాస్త్రజ్ఞుడూ ఒకే ఆట ఆడారు. భేదమల్లా ఆయన తేదీ వేసుకొన్నాడు. ఆ తేదీ వేయటమే శాస్త్రానికి పునాది. 1882లో జర్మనీలో ప్రేయర్ తన కుమారుని గూర్చిన పరిశీలనలతో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు. అమెరికాలో గెసెల్ ఇరవయ్యవ శతాబ్దపు మూడవ దశకంలో, ఒక బిడ్డను కాక అనేకమంది బిడ్డలను చలనచిత్రాలు తీసి, ఏ నెలలో ఏమి వస్తుందో పట్టికలు కట్టాడు. మన దేశంలో బరోడాలో ప్రమీలా ఫాటక్ ఒక నెల మొదలు ముప్పై నెలల వరకు గల భారతీయ శిశువులను పరీక్షించి మనకు తగిన కొలమానాలను సిద్ధం చేశారు. పరాయిదేశపు బిడ్డల కొలతతో మన బిడ్డలను తూచటం ఆమెతో తగ్గింది.

దోబూచి ఎందుకు అంత సరదా? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొన్నవాడు స్విట్జర్లండు దేశీయుడు జాన్ పియాజే. 1925, 1931 సంవత్సరాల మధ్య పుట్టిన తన ముగ్గురు బిడ్డలే ఆయనకు ప్రయోగశాల. బిడ్డ చూస్తుండగానే బొమ్మను దుప్పటి క్రింద దాచేవాడు. ఐదారు నెలల బిడ్డ వెతకదు, బొమ్మ లోకంలోనే లేనట్లు ఊరుకుంటుంది. ఎనిమిది, తొమ్మిది నెలలకు దుప్పటి లాగి బొమ్మను పట్టుకుంటుంది. కంటికి కనబడనిది కూడా ఉన్నదన్న జ్ఞానం అప్పటికి పుట్టిందని పియాజే అన్నాడు. 1985లో రెనే బాయార్జాన్, ఆమె సహచరులు మరొక ఉపాయం పన్నారు. బిడ్డ చేయి చాపనవసరం లేదు, ఎంతసేపు తేరిపార చూస్తుందో లెక్కపెడితే చాలు. జరగరాని వింత జరిగితే బిడ్డ ఎక్కువసేపు చూస్తుంది. ఆ కొలత ప్రకారం ఐదు నెలలకే దాచిన వస్తువును గూర్చిన ఎరుక కొంత ఉన్నట్లు తేలింది. ఈ వాదం ఇంకా పూర్తిగా ముగియలేదు. తెలిసి ఉండటం వేరు, తెలిసిన దానిని బట్టి చేయి చాపటం వేరు అనుకొంటే ఇద్దరి మాటకూ చోటున్నదని నా అభిప్రాయం.

మన మరొక ఆటను కూడా ఈ దృష్టితో చూడండి. బిడ్డ అరచేతిని కంచం చేసి, వ్రేలికొక ముద్ద పంచిపెట్టి, చివరకు మన వ్రేళ్లను మెల్లగా మోచేతి మీదుగా నడిపించి చంకలో చక్కిలిగింత పెడతాము. నాలుగు నెలల బిడ్డ చక్కిలిగింత పెట్టినప్పుడు నవ్వుతుంది. ఎనిమిది నెలల బిడ్డ వ్రేళ్లు మోచేయి దాటకముందే నవ్వుతుంది. రాబోయేది ఏమిటో దానికి తెలిసిపోయింది. జ్ఞాపకం, నిరీక్షణ, వరుస, ఒకరి తరువాత ఒకరు పాలుపంచుకోవటం ఇవన్నీ ఆ నిమిషంలోనే ఉన్నాయి. సంభాషణకు కూడా కావలసినవి ఇవే.

మాట, పాట

అన్నమాచార్యుడు (1408–1503) సాళువ నరసింహరాయల ఆదరణతో పెనుగొండలో ఉన్నట్లు ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర వల్ల తెలుస్తున్నది. వేంకటేశ్వరుని పసివానిగా భావించి ఉయ్యాల ఊపిన పాటలు అన్నమయ్య పేర ఉన్నాయి. ఆ సంకీర్తనలను రాగిరేకుల నుంచి పరిష్కరించి వెలుగులోకి తెచ్చిన పండితులలో ముఖ్యులు, 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఈ అనంతపురం సీమ వారే కావటం ఒక విశేషం. జోలపాటకు భాష అక్కరలేదని ఈ మధ్య తెలిసింది. అమెరికన్ బిడ్డలకు వారెన్నడూ వినని పరదేశపు జోలపాటలను వినిపించినా గుండె వేగం తగ్గి నెమ్మదిస్తున్నారని హార్వర్డ్ పరిశోధకులు 2021లో ప్రకటించారు.

భాష అక్కరలేనిది జోలకే. మాటకు భాష కావాలి, అదీ ఎంతో తొందరగా. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనేవారు పుట్టిన మూడు రోజులలోపు శిశువులు పరాయి స్త్రీ గొంతు కన్న తల్లి గొంతును కోరుకుంటారని చూపారు. గర్భంలోనే విని గుర్తు పెట్టుకొన్నారన్నమాట. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగం మనకు మరింత ఆసక్తికరం. హిందీలోని త, ట ధ్వనుల భేదాన్ని ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డలు చక్కగా గుర్తించారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి వారిలో చాలామందికి ఆ భేదం వినబడటం మానివేసింది. వారి ఇళ్లలో దానితో పని లేదు కదా! పాత, పాట అన్న మాటలను తెలుగుబిడ్డ ఎన్నటికీ తికమకపడదు. హిందూపురం వంటి ఊరిలో ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ వినబడుతాయి. ఇన్ని భాషలు చెవిన పడితే బిడ్డకు మాట ఆలస్యమవుతుందని కొందరు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. బిడ్డతో మాట్లాడేవారు ఉంటే చాలు, ఏ భాష అయినా సరే.

“మాట్లాడేవారు” అన్నది గట్టిగా చెప్పవలసిన మాట. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్, ఆయన సహచరులు 1978లో ప్రకటించిన ఒక పరీక్షలో తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఊరక చూడాలి. బిడ్డ మొదట నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది, తరువాత ముఖం తిప్పుకొంటుంది, చివరకు ఏడుస్తుంది. తల్లి ఎదుటనే ఉన్నది, ఆకలి లేదు, నొప్పి లేదు. జవాబు లేకపోవటమే బాధ. చేతిలోని ఫోను మీద చూపు నిలిపి ఒడిలో బిడ్డను ఉంచుకొనే నేటి తల్లిదండ్రులు ఈ పరీక్షను రోజుకెన్నిసార్లు చేస్తున్నారో లెక్కపెట్టుకోవచ్చు.

అన్నమా, ఆటా?

అనంతపురం సీమ వర్షాభావానికి పెట్టింది పేరు. 2022 ఏప్రిల్‌లో హిందూపురం, పెనుగొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారినా ఆకాశం మారలేదు. ఇటువంటి చోట బిడ్డ బుద్ధివికాసాన్ని గూర్చి మాట్లాడితే, ముందు కడుపు సంగతి చూడండి అంటారు. సబబే. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ 1968లో ఒక పరిశోధనను ప్రకటించారు. ఒకటిన్నర, మూడేళ్ల మధ్య క్వాషియోర్కర్ అనే మాంసకృత్తుల లోపవ్యాధికి చికిత్స పొందిన 19 మంది పిల్లలను ఎనిమిది, పదకొండేళ్ల వయసులో పరీక్షించారు. అదే ఊరి, అదే స్థితిగతుల పిల్లలతో పోలిస్తే వీరు బుద్ధిపరీక్షలలో వెనుకబడి ఉన్నారు. జబ్బు నయమై ఏళ్లు గడిచినా మచ్చ మిగిలిందని భయం కలిగింది.

1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం 33 చోట్ల ప్రారంభమైనప్పుడు, ఆ మొదటి కేంద్రాలలో అనంతపురం జిల్లా కంబదూరు ఒకటి. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, మూడేళ్లు దాటిన వారికి ఆటపాటల బడి అంగన్‌వాడీ ద్వారా అందినవి. మూడేళ్ల లోపు బిడ్డకు మాత్రం ఆహారమూ టీకాలే గాని, ఆట సంగతి దాదాపుగా తల్లికే విడిచిపెట్టారు. మెదడు అతివేగంగా పెరిగేది ఆ మూడేళ్లలోనే! పుట్టినది మొదలు మూడేళ్ల వరకు ఇంట్లో ఆడించవలసిన ఆటలతో ‘నవచేతన’ అనే జాతీయ ప్రణాళిక 2024లో గాని రాలేదు. దాదాపు అర్ధశతాబ్దపు ఆలస్యం చిన్నది కాదు.

ఈ లోపల జమైకా దీవిలో ఒక మేలైన పరిశోధన జరిగింది. శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం 1986–87లో కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో, తొమ్మిది నుంచి ఇరవైనాలుగు నెలల వయసు గల, గిడసబారిన 129 మంది బిడ్డలను తీసుకొన్నది. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇంటికి ఆరోగ్య కార్యకర్త వారానికొక గంట వెళ్లి, ఇంట్లో చేసుకొన్న బొమ్మలతో బిడ్డను ఆడించటం తల్లికి నేర్పింది. కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. రెండేళ్లకు పాలూ మేలు చేశాయి, ఆటా మేలు చేసింది, రెండూ అందినవారు అందరికన్న ముందున్నారు. అసలు వింత తరువాత జరిగింది. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే పాల ప్రభావం కనబడలేదు. ఆటలో పాల్గొన్నవారు మాత్రం తక్కినవారి కన్న నూటికి 25 వంతులు ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో ప్రకటితమైంది. దీనిని బట్టి పాలు వద్దనుకోరాదు. పాలతోనే సరిపెట్టరాదనుకోవాలి.

మన గడ్డ మీది నిదర్శనం నల్లగొండ జిల్లాది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ తదితరులు 60 గ్రామాలలో 600 మంది తల్లీబిడ్డలను మూడవ నెల నుంచి పదిహేనవ నెల వరకు అనుసరించారు. ఒక వర్గానికి మామూలు అంగన్‌వాడీ సేవలు, ఒక వర్గానికి పైఆహారాన్ని గూర్చిన సలహాలు, మూడవ వర్గానికి సలహాలతో పాటు బిడ్డ ఆకలిని గుర్తెరిగి కబుర్లు చెబుతూ తినిపించటం, ఆడించటం నేర్పారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడవ వర్గపు బిడ్డలకు మానసిక వికాస పరీక్షలో మామూలు వర్గం కన్న ఎక్కువ మార్కులు వచ్చినవి. నేర్పినవారు ఊరి స్త్రీలే.

ధర్మవరంలో గుంటమగ్గం ప్రక్కనే చీర ఉయ్యాల వ్రేలాడుతుంటుంది. తల్లి కండెలు చుడుతూ కాలితో త్రాటిని లాగుతుంది. ఆ ఊపు, మగ్గపు చప్పుడు బిడ్డను నిద్రపుచ్చటానికి బాగా పనికివస్తాయి. కాని లోతైన చీర ఉయ్యాలలో మేలుకొని ఉన్న బిడ్డకు చీర తప్ప ఏమీ కనబడదు. పుట్టిన కొత్తలో చూపు ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరంలోనే స్పష్టంగా నిలుస్తుంది. ఒడిలోని బిడ్డకు తల్లి ముఖం ఉండే దూరం అది. అందుచేత మేలుకొన్న వేళ బిడ్డను చాపమీద వేసి, కండెలు చుడుతూనే మాట్లాడవచ్చు. మిగిలిన పట్టుదారపు రంగుల కుచ్చును కాస్త ఎత్తున కట్టి ఊపవచ్చు. నాలుగవ నెలకు రంగుల భేదం బాగా తెలుస్తుంది. దారం బిడ్డ చేతికీ మెడకూ అందరాదు. మగ్గం దిగిన తండ్రి ఆడించినా అదే ఫలితం. కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోసే మన పద్ధతి కూడా మంచిదే, ముక్కులో చెవుల్లో నూనె పోయకుండా ఉంటే.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు విద్యార్థుల చేత ఒక చిన్న పని చేయించవచ్చు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉన్నవారు డార్విన్ వలె తేదీలు వేసి వ్రాయాలి: మొదటి నవ్వు, బోర్లాపడటం, ఆసరా లేకుండా కూర్చోవటం, దోబూచికి నవ్వటం, బొటనవ్రేలు చూపుడువ్రేలు కలిపి మరమరాన్ని ఏరుకోవటం. మూడు నెలలు నిండినా ముఖం చూసి నవ్వకపోతే, తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోతే వైద్యునికి చూపాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ఇటువంటి పరీక్షలు ఉచితం. వినికిడిని మరీ జాగ్రత్తగా చూడాలి. చెవుడుతో పుట్టిన బిడ్డ కూడా మొదటి నెలల్లో అందరి బిడ్డల వలెనే ఉంగా ఉంగా అంటుంది, ముఖం చూసి నవ్వుతుంది, కనుక ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఆరవ నెలలో బిడ్డ కంటబడకుండా వెనుకనుంచి గిలక ఆడించి, తల తిప్పుతుందేమో చూడాలి. రెండు మూడు రోజులు చూసినా తిప్పకపోతే, మాట వచ్చేదాకా ఆగకుండా ఆ వారమే ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.